సార్ వదిలేయమన్న పేజీ

శ్రావణ శుక్రవారం పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం తలుపు తీశాను. ఎదురింటావిడ గడప కడిగి పసుపు రాస్తోంది. ఆ పసుపు నీళ్లు సన్నగా జారి మెట్ల మీదికి వచ్చాయి. రాత్రంతా వాన పడడంతో జల్లు కొట్టి మెట్ల రాయి తడిగా, చల్లగా ఉంది. తడి రాయీ పసుపూ కలిస్తే ఒక వాసన వస్తుంది. ఆ వాసన తగలగానే రెండు మెట్లు దిగి అక్కడే కూర్చుండిపోయాను.

అంతకు నాలుగు రోజుల ముందు మా డిగ్రీ క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, జియాలజీ సార్ పోయారని. అందరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను. ఆఫీసుకు వెళ్లాను, వచ్చాను, వంట చేశాను. ఏడుపు రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ మెట్ల మీద, చేతిలో పాల ప్యాకెట్లు పట్టుకుని ఉండగా వచ్చింది.

* * *

మాది కడప. ఇంటి నేలంతా కడప బండలే. ఇప్పుడు అందరూ టైల్స్ వేయించుకుంటున్నారు గానీ, అప్పుడు ఎవరింట్లో చూసినా అవే ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు చల్లి తుడిచి, చాప కూడా వేసుకోకుండా పడుకునేవాళ్లం. వీపుకు తగిలే ఆ చల్లదనం నాకు ఏ ఏసీ గదిలోనూ దొరకలేదు. ఆ బండ ఎక్కడిదో, ఎట్లా పుట్టిందో నేను ఎప్పుడూ అడగలేదు. బండ అంటే బండే అనుకున్నాను.

బీయస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో పాటు మూడో సబ్జెక్టు జియాలజీ. చేరిన మొదటి నెలలోనే సార్ మాకు చిన్న డ్రాపర్ సీసాలో బాగా పలచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఇచ్చారు. "ఇంటికి తీసుకుపోయి మీ వంటింటి బండ మీద ఒక్క చుక్క వేయండి. ఒక్క చుక్కే" అన్నారు. వేశాను. చుక్క పడిన చోట సన్నగా బుసబుసమని నురగ లేచింది. నేను బోర్లా పడుకుని ఆ చప్పుడు విన్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "ఏం పోశావే నేల మీద?" అని కేకలేసింది. నురగ పోయాక పెసరగింజంత మచ్చ మిగిలింది. చుట్టూ నునుపుగా ఉన్న బండ అక్కడ ఒక్కచోట గరుకుగా తగిలేది.

మర్నాడు సార్ చెప్పారు, అది సున్నపురాయని, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మెత్తటి మడ్డి అని. విలియం కింగ్ అనే ఆయన మా కొండలన్నీ తిరిగి 1872లో కడప, కర్నూలు రాళ్ల గురించి పెద్ద గ్రంథం అచ్చు వేయించాడట. అప్పటి నుంచి మా ఊరి పేరు ప్రపంచంలో రాళ్ల చదువు చదివే వాళ్లందరికీ తెలుసట. "మీరు పడుకునే నేల సముద్రం అడుగు" అన్నారు సార్. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

* * *

రెండో ఏడాది ఫీల్డ్ టూరు. క్లాసులో ఇరవై రెండు మందిమి, అందులో అమ్మాయిలం నలుగురం. మూడు రాత్రులు బయట ఉండాలంటే మా నాన్న ససేమిరా అన్నాడు. ఎక్కడికి అని కూడా అడగలేదు. అమ్మే అడిగింది.

"తిరుమల కొండకు, నడిచి" అన్నాను.

అమ్మ మొహం మారిపోయింది. నేను ఇంటర్ పాసైతే నా చేత అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెట్టిస్తానని ఎప్పుడో మొక్కుకుందట. ఆ మొక్కు అట్లాగే ఉండిపోయింది. నాన్న ఇంకేమీ అనలేకపోయాడు. ప్రయాణం నాడు అమ్మ నా సంచిలో అర కిలో పసుపు, పావు కిలో కుంకుమ, ఒక కొబ్బరికాయ పెట్టింది. వాటి పక్కనే కాలేజీ వాళ్లిచ్చిన సుత్తి, లెన్సు, ఫీల్డ్ నోటుబుక్కు. పసుపు పొట్లం చిట్లకుండా పాత చీర ముక్కలో చుట్టి మూడు ముళ్లు వేసింది.

ఈ సంగతి సార్‌కు ఎట్లా చెప్పాలా అని నాకు ఒకటే టెన్షన్. చదువు కోసం తీసుకెళ్తుంటే నేను మెట్ల పూజ చేస్తానంటే ఏమంటారో అని. రైలెక్కే దాకా చెప్పలేదు.

* * *

ప్యాసింజర్ రైలు. ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, ఓబులవారిపల్లె, కోడూరు. ప్రతి స్టేషన్లో ఆగి, కాసేపు ఊపిరి పీల్చుకుని కదిలేది. నందలూరు దగ్గర చెయ్యేటి వంతెన మీద రైలు చప్పుడు మారేది. అక్కడ ఇసుకను చూపించి సార్ అన్నారు, "ఇది కొండ మీద నుంచి దిగొస్తున్న కొండ." ఓబులవారిపల్లె వచ్చినప్పుడు కిటికీలోంచి చెయ్యి చాపి, అదిగో అటు మంగంపేట, ముగ్గురాయి గని అన్నారు. బెరైటీస్‌ను మా వైపు ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోనే అంత పెద్ద నిల్వలు చాలా అరుదని ఆ రోజే తెలిసింది. మా ఇంటి ముందు ముగ్గు పిండి అమ్మే ముసలమ్మ గుర్తొచ్చింది.

ఎవరి డబ్బా వాళ్లు తెరిచారు. చిత్రాన్నం, చెనిగ్గింజల ఊరిబిండి, బొరుగులు. బద్వేలు అమ్మాయి వాళ్లమ్మ చేసి పంపిన ఓళిగలు అందరికీ తలా అర ముక్క వచ్చాయి. సార్ మాతోనే కింద కూర్చుని తిన్నారు. అప్పుడు, చేతులు కడుక్కునే వేళకు, మెల్లగా మొక్కు సంగతి చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, "ఎన్ని మెట్లు?" అన్నారు.

"మూడువేల అయిదు వందల యాభై అంటారు సార్."

"అంటే 3,550 సార్లు వంగుతావు. మంచిది. వంగినప్పుడల్లా ఆ మెట్టు ఏ రాయో చూడు. గింజ లావా, సన్నమా, రంగేంది, అంతే. నేను నీతో నడుస్తా. మిగతా వాళ్లు గాలిగోపురం దగ్గర ఆగుతార్లే."

బాలపల్లె దాటాక రైలు అడవిలోకి వెళ్లింది. చీకటి పడుతుంటే శేషాచలం మా కుడి పక్కనే నల్లగా, అంతూ దరీ లేకుండా సాగుతూ ఉంది.

* * *

మర్నాడంతా కొండ ఎక్కలేదు. అది సార్ పద్ధతి. పొద్దున తిరుపతి చుట్టుపక్కల గుట్టల్లో గ్రానైట్ చూపించారు. సాయంత్రం సత్రం మిద్దె మీదికి తీసుకెళ్లి వరసగా కూర్చోబెట్టారు. ఎదురుగా కొండ.

తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లుంటానో నాకే లెక్క తెలియదు. కానీ కొండను అంతసేపు చూడడం అదే మొదలు. చూసి బొమ్మ గీయమన్నారు. అందంగా అక్కర్లేదు, వాలు ఎక్కడ మారుతోందో చూసి అక్కడ గీత గీయండి అన్నారు.

కింది సగం ఏటవాలుగా, గుండ్రటి గుండ్లతో, చెట్లతో ఉంది. దాని మీద ఉన్నట్టుండి గోడ కట్టినట్టు నిటారుగా లేచిన బండ. ఆ గోడ మీద అడ్డంగా గీతలు, ఒకదాని మీద ఒకటి రొట్టెలు పేర్చినట్టు. సాయంత్రపు ఎండ పడి ఆ గోడ ఒక్కటే ఎర్రగా వెలిగింది. కిందిది మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. రెండు వేరు వేరు కొండలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టుంది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నా అది నా కంటికి ఆనలేదు.

అందరం గీత గీశాం. ఒక్కొక్కరి గీత ఒక్కో చోట. సార్ ఎవరిదీ దిద్దలేదు. "రేపు ఆ గీత దగ్గరికి పోదాం" అన్నారు.

* * *

తెల్లవారుజామున నాలుగింటికి అలిపిరి. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. సార్ చెప్పులు విప్పి అటెండరు సంచిలో పెట్టారు. మెడలో దారానికి కట్టిన క్లైనోమీటర్ (రాతి పొరల వాలు కొలిచేది), చేతిలో నోటుబుక్కు, కింద వట్టి కాళ్లు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ రూపమే కనిపిస్తుంది.

బయల్దేరే ముందు ఒక్క మాట అన్నారు. "సుత్తులు సంచుల్లోనే ఉండాల. ఈ కొండ మీద మనం రాయి కొట్టం. రాలిపోయిన రాయిని చేత్తో పట్టుకుని చూద్దాం, అది చాలు." ఎవరూ ఎందుకని అడగలేదు. ఈ కొండను ఆదిశేషుడి ఒళ్లుగా తలిచే వాళ్లమే అందరం.

మొదటి మెట్టుకు పసుపు పెట్టాను. బొటనవేలితో పసుపు, ఉంగరం వేలితో కుంకుమ. నాకు ముందు ఒక అరవావిడ, ఆమెకు ముందు కొత్తగా పెళ్లయిన జంట. ఎవరి మొక్కు వాళ్లది. చీకట్లో ఎక్కడెక్కడో కర్పూరం వెలిగి ఆరిపోతోంది. కింద నుంచి "గోవిందా" అని ఒక గుంపు అంటే, పై వంపులోంచి ఇంకో గుంపు అందుకునేది. మధ్యలో ఘాట్ రోడ్డు మీద బస్సు గేరు మార్చిన మూలుగు. రాత్రి పడిన చినుకులకు మెట్లు తడిగా ఉన్నాయి. తడి రాయి మీద పసుపు వేలు తగిలినప్పుడల్లా ఆ వాసన.

మొదటి వంద మెట్ల దాకా రాయి రాయిలాగే కనిపించింది. తర్వాత తెల్లవారింది. సార్ పక్కనే నిలబడి లెన్సు ఇచ్చారు. ఒక మెట్టు అంచు మీద వంగి చూశాను. గాజు పెంకులా మెరిసేది క్వార్ట్‌జ్. పాలమీగడ రంగులో, ఒక్కోచోట లేత గులాబీగా ఉన్నది ఫెల్డ్‌స్పార్. వాటి మధ్య నల్లగా, మినప్పొట్టులా పలచగా అంటుకున్నది మైకా. మూడూ ఒకదాని సందులో ఒకటి దూరి, ఎక్కడా ఖాళీ లేకుండా అల్లుకుపోయి ఉన్నాయి. ఒకప్పుడు ఇదంతా భూమి లోపల కరిగి ఉన్నదే అన్నారు సార్. మెల్లగా, చాలా మెల్లగా చల్లారితేనే గింజలు అంత లావు అవుతాయట. ఆ మెట్టుకు పసుపు పెట్టాను. పై మెట్టు చూశాను. అదీ గ్రానైటే, కానీ గింజ సన్నం.

తలయేరు గుండు దగ్గర జనం గుంపుగా ఉన్నారు. తలనొప్పులు, మోకాళ్ల నొప్పులు పోవాలని ఆ గుండుకు తలా మోకాళ్లూ ఆనిస్తారు. ఎన్ని వేల మంది ఆనించారో, అక్కడ గుంట పడి నున్నగా అయిపోయింది. సార్ కూడా తల ఆనించారు. తర్వాత ఆ నునుపును వేలితో తడుముతూ, "నది చేసే పని మనుషులు చేశారు సూడు" అని మెల్లగా అన్నారు.

ఇంకాస్త పైన దారి పక్కన ఒకచోట ఆగమన్నారు. లేత రంగు బండలో నల్లటి రాయి పట్టీలా, నిలువునా దూసుకుపోయి ఉంది. డోలరైట్ డైక్. గ్రానైట్ పగిలినప్పుడు ఆ పగులులోకి కింద నుంచి ఎగదన్నుకొచ్చి గట్టిపడిన రాయి. "దీన్ని గుర్తుపెట్టుకోండి. పైన మళ్లీ అడుగుతా" అన్నారు.

* * *

గాలిగోపురం చేరేసరికి మావాళ్లు మజ్జిగ తాగి, ఉడకబెట్టిన చెనక్కాయలు తిని, ఒక కునుకు కూడా తీశారు. నా నడుము పట్టేసింది. వేలి గోరు లోపలంతా పసుపు. బద్వేలు అమ్మాయి నా సంచి తీసుకుని తన భుజాన వేసుకుంది. అక్కడి నుంచి దారి కాస్త చదును. కోతులు, చెట్ల కింద చల్లదనం, జింకలు, అక్కగార్ల గుడి, అవ్వాచారి కోన లోయ.

ఒక వంపు దగ్గర నడకదారి ఘాట్ రోడ్డు పక్కకు వచ్చింది. 1944లో మొదటి రోడ్డు, 1974లో రెండోది వేసినప్పుడు కొండను కోశారు కదా. ఆ కోత వల్ల లోపలి రాయి బయటపడింది. సార్ అందరినీ వాహనాలకు అడ్డు లేకుండా లోపలికి నిలబెట్టారు. ఆయన గొంతు మారింది. అప్పటి దాకా మామూలుగా మాట్లాడిన మనిషి, గుళ్లో మాట్లాడినట్టు తగ్గించి మాట్లాడారు.

"మీరు మిద్దె మీద గీసిన గీత ఇదే."

కింద గ్రానైట్. పైభాగం కాస్త చివికి, గోకితే పొడిగా రాలేట్టు ఉంది. దాని మీద జానెడు, బెత్తెడు మందాన గులకరాళ్లు సిమెంటులో పొదిగినట్టున్న పొర. కాంగ్లామరేట్ అంటారు. దాని పైన క్వార్ట్‌జైట్. పొరలు పొరలుగా, దాదాపు అడ్డంగా, మన తలల మీదుగా ఆకాశం దాకా. కింది రాయికి గీతలూ వరసలూ లేవు. పై రాయి అంతా వరసలే.

"కింది రాయి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాట. అది భూమి లోపల పుట్టింది, పైకి వచ్చింది, ఎండకూ వానకూ అరిగి అరిగి మట్టమైపోయింది. ఆ తర్వాత దాని మీదికి నీళ్లొచ్చాయి. గులకరాళ్లు తెచ్చాయి, ఇసుక తెచ్చాయి. ఆ ఇసుకే గట్టిపడి ఈ పై రాయి అయింది. ఈ రెండు రాళ్లకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్లు. ఆ కాలపు రాయి ఇక్కడ లేదు."

మధ్యలో కాలం తప్పిపోయిన ఈ గీతను ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. నగరి కొండల్లోనూ ఈ క్వార్ట్‌జైటే ఉండడంతో దానికి నగరి క్వార్ట్‌జైట్ అని పేరు. ఇప్పుడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఆ రోజు మాకు మాత్రం సార్ వేలే బోర్డు.

"కింద చూసిన నల్ల పట్టీ గుర్తుందా? పై రాయిలో వెతకండి" అన్నారు. వెతికాం. లేదు. గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన ఆ నల్ల రాయి ఈ గీత దాటి పైకి రాలేదు. అంటే ఈ ఇసుక పేరుకోకముందే అది వచ్చి, గ్రానైట్‌తో పాటే అరిగిపోయింది. అది మాలో ఒక అబ్బాయి చెప్పాడు. సార్ వాడి భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

బద్వేలు అమ్మాయి అడిగింది, "మరి ఆ 80 కోట్ల ఏళ్లూ ఇక్కడ ఏమీ జరగలేదా సార్?"

"జరిగింది తల్లీ. బోలెడు వానలు పడుంటాయి. ఏర్లు పారుంటాయి. రాసిపెట్టుకున్న రాయి మిగల్లేదు, అంతే."

నోటుబుక్కులు తీయమన్నారు. ఎడమ పేజీలో గ్రానైట్ గురించి రాయించారు. తర్వాతి పేజీ వదిలేయమన్నారు. ఏమీ రాయకూడదు, తేదీ కూడా వేయకూడదు. ఆ పేజీ తిప్పాకే క్వార్ట్‌జైట్, దాని స్ట్రైక్, డిప్, అంటే పొరలు సాగే దిక్కు, వాటి వాలు.

నేను ఆ గీత మీద చెయ్యి పెట్టాను. అరచెయ్యి కింది భాగం గ్రానైట్ మీద, వేళ్లు గులకరాళ్ల మీద. కిందిది గరుకు. పైన ఒక గులకరాయి కోడిగుడ్డంత, నున్నగా, చల్లగా తగిలింది. ఏ ఏట్లోనో దొర్లి దొర్లి అరిగిన రాయి. ఆ ఏరు లేదు, గట్లు లేవు. ఆ నునుపు ఒక్కటే ఉంది.

* * *

మోకాళ్ల మెట్టు దగ్గర రామానుజుల వారు ఈ కొండను కాలితో తొక్కకూడదని మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకుంటారు. సార్ నోటుబుక్కు, క్లైనోమీటర్ నా చేతికిచ్చి, పంచె ఎగదోపుకుని, మోకాళ్ల మీద ఎక్కడం మొదలుపెట్టారు. ఒక్క మాట మాట్లాడలేదు. మా అబ్బాయిలు కొందరు ఆయన వెనకే మోకాళ్లూనారు. నేను పక్కన మెట్టు మెట్టుకూ పసుపు పెడుతూ వెళ్లాను. దేవుణ్ణి నమ్మే మనిషి, 250 కోట్ల ఏళ్ల లెక్క చెప్పే మనిషి ఆయన ఒక్కరే. ఆయనలో ఆ రెండూ ఎప్పుడూ గొడవ పడినట్టు నేను చూడలేదు. నా జీవితంలో నేను దేన్నైనా గట్టిగా పట్టుకున్నానంటే అది అక్కడ, ఆ మెట్ల మీద చూసిందే.

చివరి మెట్టుకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పసుపు పొట్లంలో అడుగున చిటికెడే మిగిలింది. అది నా నుదుటికే పెట్టుకున్నాను.

దర్శనం అయ్యాక సాయంత్రం శిలాతోరణం చూశాం. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. గాలీ నీళ్లూ కలిసి క్వార్ట్‌జైట్‌ను తొలిచి వంతెనలా మిగిల్చాయి. అప్పట్లో చుట్టూ ఇన్ని కంచెలు లేవు. దాని కన్నా నాకు ఎక్కువ గుర్తున్నది మర్నాడు పొద్దున బండల మీద సార్ చూపించిన అలల గుర్తులు. రాతి మీద ఇసుక అలలు, వేలెడు వెడల్పున వరసలు వరసలుగా. మా చెయ్యేటి ఇసుకలో నీళ్లు తగ్గాక ఎట్లా ఉంటాయో అచ్చం అట్లాగే. "లోతు లేని నీళ్లు. మోకాలి లోతు ఉంటాయేమో" అన్నారు సార్. సముద్రానికి రెండువేల ఎనిమిది వందల అడుగుల ఎత్తున, మంచులో, శాలువా కప్పుకుని ఒక మనిషి మోకాలి లోతు నీళ్ల గురించి మాట్లాడుతుంటే మేం నిజంగానే కాళ్ల కిందికి చూసుకున్నాం.

* * *

దిగేటప్పుడు మాలో ఒకబ్బాయి చేతిలోంచి కంపాస్ జారి లోయలో పడిపోయింది. కాలేజీది, ఖరీదైనది. వాడు వణికిపోయాడు. ఏడ్చాడు కూడా. మేమంతా పొదల్లో గంటసేపు వెతికాం. సార్ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఫీల్డులో వస్తువులు పోతాయి. మనిషి పోలేదు గదా" అన్నారు. రిజిస్టర్‌లో తన పేరు మీదే రాసుకున్నారు. ఆయన జీతంలోంచి నెలనెలా కొంత పట్టుకున్నారని మాకు ఫైనలియర్ చివర్లో అటెండరు చెప్పాడు. అప్పటికి ఆ బాకీ తీరిపోయింది కూడా.

ప్రాక్టికల్ పరీక్షకు వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా నోటుబుక్కు తిప్పుతూ ఖాళీ పేజీ దగ్గర ఆగారు. "ఇదేందమ్మా, వదిలేశావు?" అన్నారు. "ఇది 80 కోట్ల ఏళ్లు సార్" అన్నాను. ఆయన నా మొహం చూసి, గది అవతల నిలబడ్డ మా సార్‌ను చూసి, నవ్వి పేజీ తిప్పారు.

డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ సీటు వచ్చింది. పెళ్లి సంబంధం కూడా అప్పుడే వచ్చింది. హైదరాబాద్ వచ్చేశాను. పిల్లలు, ఆఫీసు, ఇల్లు. సుత్తి మళ్లీ పట్టలేదు. తిరుమలకు చాలాసార్లు వెళ్లాను, బస్సులో, కారులో. ఆ వంపు దగ్గర తల బయటికి పెట్టి చూస్తాను. మా ఆయన "ఏం చూస్తున్నావు?" అంటాడు. చెప్పేలోపు వంపు దాటిపోతుంది. నడకదారికి ఇప్పుడు చాలావరకు కప్పు వేశారు. ఎండా వానా తగలకుండా వెళ్తున్నారు, నడిచే వాళ్లకు అది మంచిదే.

* * *

శ్రావణం వెళ్లాక కడపకు వెళ్లాను. సార్ ఇంటికి పరామర్శకు. అమ్మగారు లోపలి గదిలోకి తీసుకెళ్లారు. గోడ పొడవునా చెక్క అల్మరా, నిండా రాళ్లు. ఒక్కో రాయికి చిన్న ప్లాస్టర్ ముక్క, దాని మీద నంబరు. ఏ రాయి ఏ బ్యాచి పిల్లలు ఏరి తెచ్చిందో పక్కన పుస్తకంలో ఆయన చేత్తో రాసిపెట్టుకున్నారు. మా బ్యాచి పేజీ తీసి చూశాను. ఆ టూరులో కొండ కింద వంకలో దొరికిన గులకరాయి ఎదురుగా నా పేరు ఉంది. పేరు పక్కనే బ్రాకెట్లో "మెట్ల పూజ" అని.

"ఈయమ్మి పసుపు పెడుతూ రాళ్లు చదివిందని ప్రతి బ్యాచికీ చెప్పేవారమ్మా" అన్నారు అమ్మగారు. ఆ రాయి తీసుకెళ్లమన్నారు. తేలేదు. దాని చోటు అదే.

అక్కడి నుంచి మా ఇంటికి. అన్నయ్య ఇంట్లో అన్ని గదులకూ టైల్స్ వేయించినా, అమ్మ వంటింట్లో బండలు తీయనివ్వలేదు. అటక మీద ట్రంకుపెట్టెలో నా ఫీల్డ్ నోటుబుక్కు దొరికింది. అంచులు పురుగు కొట్టాయి. వంటింట్లో కింద కూర్చుని తిప్పాను. గ్రానైట్ పేజీ, పెన్సిల్ గీతలు. ఆ తర్వాత ఖాళీ పేజీ. ఖాళీ అనుకున్నాను ఇన్నేళ్లూ. కుడివైపు కింది మూలన, పేజీ తిప్పేచోట, బొటనవేలి ముద్ర ఉంది. మధ్యలో చిక్కగా, అంచుల్లో గోరు గీతతో సహా.

అమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పుస్తకం తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పసుపు ఇంగా పోలేదే" అంది.